పూతరేకుల బాక్సు మీద ఆగిపోయిన కోడ్

ప్రశ్న: మాది ఆత్రేయపురం మండలంలో ఒక ఊరు. నేనూ మా తోడికోడలూ మరో నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుని పూతరేకులు చుట్టి, రావులపాలెం సెంటరులోని మా దుకాణంలో అమ్ముతున్నాం. తిన్నవాళ్ళు మళ్ళీ మాకే ఆర్డరు పెట్టాలని మొన్న సంక్రాంతికి 5,000 బాక్సులు అచ్చు వేయించి, మూత మీద క్యూఆర్ కోడ్ పెట్టించాం. మా మరిది కొడుకు ఇంటర్నెట్‌లో ఏదో సైటులో ఉచితంగా చేసిచ్చాడు. రెండు వారాలు బాగానే పనిచేసింది. ఇప్పుడు స్కాన్ చేస్తే మా వాట్సాప్‌కు బదులు, కోడ్ గడువు ముగిసిందంటూ ఆ సైటు పేజీ వస్తోంది. తెరిపించాలంటే ఏడాది చందా కట్టాలట. ఇంకా 3,800 బాక్సులు ఉన్నాయి, రోజుకు ముప్పయి దాకా పోతాయి. అసలు క్యూఆర్ కోడ్‌కు గడువు ఉంటుందా? కొత్తది ఎలా చేసుకోవాలి? స్కాన్ చేయగానే తెలుగులో ఆర్డరు మెసేజ్ వచ్చేటట్టు పెట్టవచ్చా? అందులోనే డబ్బు కట్టే కోడ్ కూడా కలిపేసి, మధ్యలో మా లోగో పెట్టుకోవచ్చా? — పేరు వద్దన్న సోదరి

సమాధానం:

అమ్మా, క్యూఆర్ కోడ్‌కు గడువు ఉండదు. అది గళ్ళ రూపంలో అచ్చు వేసిన అక్షరాలే తప్ప మరేమీ కాదు కాబట్టి, మీ మూత మీది ధర అంకె ఎలా చెరిగిపోదో అదీ అలాగే చెరిగిపోదు. గడువు ముగిసినది ఆ గళ్ళలో రాసి ఉన్న చిరునామాకు, ఆ చిరునామా మీది కాకపోవడమే ఇక్కడ వచ్చిన చిక్కు.

నా మాట నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. ఫోన్ కెమెరాను పాత కోడ్ మీద పెట్టి, పైకి వచ్చిన లింకును నొక్కకుండా అందులోని అక్షరాలు చదవండి. అక్కడ మీ వాట్సాప్ నంబరు కనిపించదు. ఆ సైటు పేరు, దాని పక్కన అర్థం పర్థం లేని అయిదారు అక్షరాలు ఉంటాయి. స్కాన్ చేసిన మనిషి ముందు ఆ సైటుకు వెళతాడు, ఆ సైటు అతన్ని మీ వాట్సాప్‌కు పంపుతుంది. ఊరికి కొత్తగా వచ్చినవారికి మీ ఇంటి గుమ్మం చూపించకుండా, సెంటరులో కిళ్ళీ కొట్టు దగ్గర అడగమని చెప్పినట్టయింది వ్యవహారం. రెండు వారాలు ఊరికే దారి చెప్పిన కొట్టువాడు ఇప్పుడు జీతమిస్తేనే చెబుతానంటున్నాడు. ఈ రకం కోడ్‌ను డైనమిక్ కోడ్ అంటారు. మీ నంబరునో మీ సైటు చిరునామానో నేరుగా గళ్ళలోనే రాసేస్తే అది స్టాటిక్ కోడ్. చూపులకు రెండూ ఒక్కలాగే ఉంటాయి కనుక పిల్లవాడిని తప్పు పట్టవలసిన పని లేదు. ఉచితం అని పెద్ద అక్షరాలతో రాసే సైట్లలో చాలా వాటిలో అడగకుండానే వచ్చేది డైనమిక్ కోడే, దాని గడువు సంగతి మాత్రం సన్న అక్షరాలలో ఉంటుంది.

క్యూఆర్ కోడ్ వాడుకున్నందుకు ఎవరికీ రుసుము కట్టనక్కరలేదన్న సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. దీనిని 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా అనే ఇంజనీరు, ఆయన బృందం కార్ల విడిభాగాల లెక్కల కోసం తయారు చేశారు. మామూలు బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలకు మించి పట్టకపోవడంతో కార్మికులు ఒక్కో పెట్టెకు అనేక బార్‌కోడ్‌లు స్కాన్ చేయవలసి వచ్చేదట. పేటెంటు ఉన్నా, నిర్ణీత ప్రమాణం ప్రకారం వాడుకునేవారి మీద ఆ హక్కును వినియోగించబోమని సంస్థ ప్రకటించింది. 2000లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. అందువల్ల గళ్ళు గీసి ఇవ్వడం ఎవరైనా చేయగల ఉచితమైన పని. ఫోన్‌లోని క్రోమ్ బ్రౌజరు కూడా, తెరిచి ఉన్న పేజీకి షేర్ మెనూలోంచి కోడ్ చేసి ఇస్తుంది, మీ డీటీపీ షాపు వారు వాడే కోరల్ డ్రాలోనూ ఆ సదుపాయం ఉంది. చందా అడిగేవారు అడుగుతున్నది మధ్యలో దారి చెప్పే పనికి.

ఆ పని పనికిమాలినదని నేను అనను. కోడ్ అచ్చయిన తరువాత గమ్యం మార్చుకోవాలన్నా, ఎందరు స్కాన్ చేశారో లెక్క కావాలన్నా మధ్యలో ఒక మజిలీ ఉండవలసిందే. ఆ మజిలీ ఎవరిది అన్నదే ప్రశ్న. గూగుల్ అంతటి సంస్థ కూడా తన గూ డాట్ జీఎల్ పొట్టి లింకుల సేవలో 2019లో కొత్త లింకులు ఇవ్వడం మానేసి, 2025 ఆగస్టులో వాడకం లేని పాత లింకులను ఆపేసింది. ఊరూపేరూ తెలియని సైటు మీ 5,000 బాక్సులను కలకాలం మోస్తుందని ఎలా అనుకోగలం?

కాబట్టి నా సలహా ఇది: మీ వ్యాపారం పేరుతో ఒక డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మీ సొంత చిరునామా పేరు, కొనండి. డాట్ ఇన్‌తో ముగిసే పేరు అయితే ఏడాదికి మహా అయితే వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరుకుతుంది. పెద్ద వెబ్‌సైటు కట్టించనక్కరలేదు. డొమైన్ అమ్మినవారి దగ్గరే ఫార్వర్డింగ్ అనే సదుపాయం ఉంటుంది, ఆ పేరుకు వచ్చినవారిని మీ వాట్సాప్‌కు పంపమని అక్కడ పెట్టుకుంటే చాలు. కొనేముందు, పేరు తరువాత చిన్న తోక (ఒక ఏటవాలు గీత, దాని పక్కన ఒకటి రెండు అక్షరాలు) ఉన్న చిరునామాలను కూడా విడివిడిగా మళ్ళించవచ్చో లేదో వారిని అడగండి. అలా వీలుంటే బాక్సులకు ఒక తోక, రావులపాలెం సెంటరులోని దుకాణానికి మరో తోక పెట్టుకుని, ఏది ఎటు పోవాలో వేరువేరుగా నిర్ణయించుకోవచ్చు. ఆ చిరునామాను స్టాటిక్ కోడ్‌గా చేయించి అచ్చు వేయించండి. రేపు నంబరు మారినా, ఎల్లుండి మీకు సొంత సైటు వచ్చినా బాక్సు మీది కోడ్ మారదు, ఫార్వర్డింగ్ ఒక్కటి మార్చుకుంటారు. డొమైన్ ఎందుకులే అనుకుంటే వాట్సాప్ లింకునే (https://wa.me/ తరువాత మీ నంబరు) నేరుగా కోడ్ చేసుకోవచ్చు, తప్పు లేదు, కాని ఆ నంబరును ఎన్నటికీ వదులుకోకూడదు. ఆ లింకులో నంబరు ముందు సున్నా గాని ప్లస్ గుర్తు గాని లేకుండా 91 ఉండాలి. మీ పూతరేకులు అమెరికాకు సూట్‌కేసులలో వెళతాయి కదా, అక్కడ తిన్నవారు ఇక్కడి చుట్టాలకు ఆర్డరు పెట్టాలన్నా ఆ 91 లేకపోతే లింకు పనిచేయదు.

తెలుగు మెసేజ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మన లిపికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వాట్సాప్ నంబరు మాత్రమే ఉన్న లింకుకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ కలిపి 26 పడతాయి. దానికి అడ్డం 25, నిలువు 25 గళ్ళున్న చిన్న కోడ్ సరిపోతుంది. ఇప్పుడు ఆ లింకుకు "పూతరేకులు కావాలి" అన్న రెండు మాటలు తగిలించారనుకోండి. లింకులో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా ఉండదు; ప్రతి అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా మారుతుంది. "పూ" మనకు ఒక్క అక్షరమే అయినా యంత్రానికి ప, దీర్ఘం రెండు, అంటే పద్దెనిమిది గుర్తులు. ఈ లెక్కన ఆ రెండు మాటలకే 138 అవుతాయి, లింకు మొత్తం 170 అవుతుంది, కోడ్ 53 గళ్ళ వెడల్పుకు పెరుగుతుంది. రెండు సెంటీమీటర్ల కోడ్‌లో 25 గళ్ళున్నప్పుడు ఒక్కో గడి 0.8 మిల్లీమీటర్లు ఉంటే, 53 గళ్ళున్నప్పుడు 0.4 కూడా రాదు, సన్న రవ్వ పలుకంత అన్నమాట. అట్ట మీద సిరా కాస్త పీల్చుకుంటే పక్కపక్క గళ్ళు కలిసిపోతాయి. అందుకని మెసేజ్‌ను కోడ్‌లో పెట్టకండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో షార్ట్ లింక్ అనే ఏర్పాటు ఉంది. అందులో తెలుగులో ఎంత మెసేజ్ రాసుకున్నా అది వాట్సాప్ దగ్గరే ఉంటుంది, లింకు మాత్రం పొట్టిగానే ఉంటుంది. మీ డొమైన్‌ను ఆ షార్ట్ లింకుకు మళ్ళించండి. ఆ యాప్‌లో లింకును రీసెట్ చేసే బటన్ కూడా ఉంటుంది, దానిని నొక్కితే పాత లింకు చచ్చిపోతుంది, ఇంట్లో పిల్లలకు ముందే చెప్పి పెట్టండి. డొమైన్ పేరు విషయంలోనూ ఇదే పొదుపు పాటించాలి. ఇంగ్లీషులో పన్నెండు అక్షరాల లోపు పేరు, డాట్ ఇన్, ఒక్క అక్షరం తోక పెట్టుకుంటే మీ కోడ్ ఆ 25 గళ్ళలోనే ఇముడుతుంది.

డబ్బు కట్టే కోడ్‌ను ఇందులో కలపడం కుదరదు, కుదిరినా నేను వద్దనే అంటాను. చెల్లింపు కోడ్‌లో ఉండేది మీ యూపీఐ ఐడి, పేరు. ఆర్డరు కోడ్‌లో ఉండేది వెబ్ చిరునామా. ఒక కోడ్ ఒక్క పనే చేయగలదు. కాని మీ ప్రశ్న వెనుక మీరు గమనించని చిక్కు ఇంకొకటి ఉంది. మన దగ్గర టీ కొట్టు మొదలుకొని పూల బండి దాకా నల్లగళ్ళ చదరం కనిపించిందంటే డబ్బు కట్టడానికే అని జనానికి అలవాటైపోయింది. మీ బాక్సు చూసినవారు కూడా అలవాటు కొద్దీ చెల్లింపు యాప్ తెరిచి స్కాన్ చేస్తారు, ఆ యాప్ సాధారణంగా అది చెల్లని కోడ్ అని తిప్పికొడుతుంది, వారు మీ కోడ్ పాడైందనుకుని బాక్సు పక్కన పడేస్తారు. కాబట్టి కోడ్ కింద "స్కాన్ చేయండి" అని ఊరుకోకుండా, "మళ్ళీ కావాలంటే ఫోన్ కెమెరాతో స్కాన్ చేసి వాట్సాప్‌లో చెప్పండి, ఇది డబ్బు కట్టే కోడ్ కాదు" అని తెలుగులో రాయించండి. దాని పక్కనే మీ ఫోన్ నంబరు, డొమైన్ పేరు కంటికి కనిపించే అక్షరాలలో ఉండాలి. మీ పాత మూత మీద నంబరు విడిగా ఉంటే, ఇప్పటికే అమ్ముడుపోయిన 1,200 బాక్సుల వారిలో కొందరైనా ఆ నంబరు చూసి ఫోన్ చేస్తారు.

చెల్లింపు కోడ్ దుకాణంలో బల్ల మీద మాత్రమే ఉండనివ్వండి. దాని మీద రాత్రికి రాత్రి వేరే స్టిక్కరు అంటించి పోయే మోసగాళ్ళున్నారు, అందువల్ల పొద్దున దుకాణం తీయగానే మీ ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి తెర మీద మీ పేరే వస్తోందో లేదో చూసుకోవడం మంచిది. డబ్బు పంపుతామంటూ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమనేవారు కూడా తగులుతారు. అక్కడ పిన్ కొడితే మీ డబ్బే పోతుంది, డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు.

లోగో విషయంలో మిమ్మల్ని నిరుత్సాహపరచక తప్పదు. క్యూఆర్ కోడ్‌లో కొంత భాగం చెడిపోయినా మిగతా దానినుంచి సమాచారాన్ని తిరిగి రాబట్టే గణితం ఇమిడి ఉంటుంది. ఎంత నష్టాన్ని తట్టుకోవాలన్న దానిని బట్టి నాలుగు స్థాయిలున్నాయి, అన్నిటికన్నా తక్కువ స్థాయి సుమారు 7 శాతం, ఎక్కువ స్థాయి సుమారు 30 శాతం. లోగో పెట్టేవారు చేసేదల్లా ఈ ఓర్పును ముందే కొంత ఖర్చు పెట్టేయడం. ఫ్యాక్టరీలలో మురికి అంటినా, చిరిగినా చదవగలగాలని పెట్టిన ఓర్పు అది. మీ బాక్సుకు అంటేది నెయ్యి. నేతి వేళ్ళతో మూత తీసే వస్తువు మీద ఆ ఓర్పు నేతి మరకకే అక్కరకు రావాలి గాని బొమ్మకు కాదు. లోగోను కోడ్ పక్కన పెద్దగా వేయించి, కోడ్‌ను 15 శాతం స్థాయిలో, అంటే ఎం అనే స్థాయిలో ఉంచండి. 25 గళ్ళలో ఇముడుతుందని నేను పైన చెప్పిన లెక్క కూడా ఈ స్థాయికే.

రంగుల విషయంలో ఒక్క నియమం చాలు: గళ్ళు ముదురుగా, నేల లేతగా ఉండాలి. నాలుగేళ్ళ కిందట మా ఇంట్లో పెళ్ళికి మెరూన్ రంగు శుభలేఖ మీద బంగారు ఫాయిల్‌తో కల్యాణమండపానికి దారి చూపే కోడ్ వేయించాం. అచ్చు వేసినవారు అద్భుతంగా ఉంటుందన్నారు, అలాగే ఉంది కూడా. చీకటి నేల మీద వెలుగు గళ్ళు కావడంతో కొత్త ఫోన్లు చదివాయి, పాతవి చాలా వరకు చదవలేదు, ఫాయిల్ మీద లైటు పడితే కొత్తవీ చదవలేదు. మా బావమరిది ముహూర్తం దాకా ఫోన్‌లో దారులు చెబుతూనే కూర్చున్నాడు. మీ మూతకు మెరిసే లామినేషన్ వేయిస్తున్నట్లయితే కోడ్ ఉన్న చోటైనా మెరవని మ్యాట్ రకం వేయించండి. కోడ్ చుట్టూ నాలుగు గళ్ళ వెడల్పున ఖాళీ జాగా తప్పకుండా విడవాలి, డిజైనర్లు అంచు వరకు పూలతీగలు గీసి చెడగొట్టేది ఇక్కడే. చేతిలో పట్టుకుని స్కాన్ చేసే బాక్సుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల కోడ్ చాలు; గోడ మీది బ్యానరుకైతే ఎంత దూరం నుంచి చూస్తారో అందులో పదో వంతు ఉండాలి, రెండు మీటర్ల దూరానికి ఇరవై సెంటీమీటర్లు. రోడ్డు మీది ఫ్లెక్సీకి కోడ్ అసలు వద్దు, బండి మీద పోయేవాడు ఆగి స్కాన్ చేయడు. కోడ్ ఫైలును షాపువారికి వాట్సాప్‌లో ఫోటోగా పంపితే గళ్ళ అంచులు మసకబారతాయి, పీడీఎఫ్‌గా చేసి డాక్యుమెంటు రూపంలో పంపండి.

కోడ్ ఉంది కదా అని మూత మీది అక్షరాలు తగ్గించకూడదు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, దినుసులు, బరువు, ధర, తయారీ తేదీ వంటివి అచ్చులో ఉండి తీరాలి. ముందు ముందు కోడ్‌ను వాట్సాప్‌కు బదులు ఒక పేజీకి మళ్ళించాలనుకుంటే మాత్రం అందులో మీ ఇంట్లో బోర్లించిన కుండ మీద రేకు తీస్తున్న అరనిమిషం వీడియో పెట్టండి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఆ పేరు పెట్టుకుని అమ్మేవారికి కొదవ లేదు, కొనేవారికి కావలసింది ఇది ఆ ఊరి చేతి పనేనన్న నమ్మకం.

ఇక మిగిలిన 3,800 బాక్సుల సంగతి. రోజుకు ముప్పయి చొప్పున అవి నాలుగు నెలల పైచిలుకు వస్తాయి, వాటి కోసం ఏడాది చందా కట్టడం నాకు సబబుగా తోచడం లేదు. పాత కోడ్ మీద కొత్త కోడ్ ఉన్న మూడు సెంటీమీటర్ల చదరపు స్టిక్కరు అంటించండి; పాతది అంతకన్నా పెద్దగా ఉంటే దాని అంచులు కూడా కప్పే కొలత తీసుకోండి. డిజిటల్ ప్రింటింగ్ షాపులలో స్టిక్కర్లు 12 బై 18 అంగుళాల షీట్ల లెక్కన వేస్తారు, ఒక షీటులో మూడు సెంటీమీటర్లవి 126 దాకా పడతాయి, మీకు 31 షీట్లు కావాలి. హాఫ్ కటింగ్‌తో (స్టిక్కరు ఒక్కొక్కటి విడిగా ఊడివచ్చేలా పై పొర మాత్రమే కోయడం) కలిపి షీటుకు ఎంతో అడిగి, 31తో గుణించి, ఆ మొత్తాన్ని చందాతో పోల్చి చూసుకోండి. క్రోమో అనే తెల్ల కాగితపు స్టిక్కరే అడగండి, పారదర్శకమైనది వేస్తే కింది గళ్ళు పైకి కనిపించి రెండు కోడ్‌లూ పాడవుతాయి. మొత్తం వేయించకముందు ఒక్క షీటు తీయించి, ఒక స్టిక్కరును బాక్సుకు అంటించి, నేతి వేలితో రుద్ది, సాయంత్రం దుకాణపు లైటు కింద ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి.

డొమైన్ మాత్రం మీ మరిది కొడుకు మెయిలు మీద కాకుండా మీ పేరున, మీ మెయిలు మీద, మీ ఫోన్ నంబరుకు ఓటీపీ వచ్చేటట్టు కొనండి. రేపు అతను ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళి పాత మెయిలు మరిచిపోతే రెన్యువల్ హెచ్చరికలు ఎవరికీ చేరవు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు తేదీ ఎక్కడ రాసుకున్నారో ఈ తేదీ కూడా అక్కడే రాసి పెట్టుకోండి.